ఉప్పెన తగ్గిన తరువాత: దిగువ కృష్ణా డెల్టాలో మంచినీరు, పారిశుధ్య సేవల పునరుద్ధరణ

(ప్రత్యేక వ్యాసం)

మచిలీపట్నం: దిగువ కృష్ణా డెల్టాలో తుపాను తీరం దాటిన మరునాటి ఉదయం బాధిత కుటుంబం మొదట అడిగేది బిందెడు మంచినీరు. చుట్టూ కనుచూపు మేర నీరే నిలిచి ఉంటుంది, అందులో గుక్కెడు కూడా తాగడానికి పనికిరాదు. గాలి, వాన, ఉప్పెనల వలన జరిగే ప్రాణనష్టం కొన్ని గంటలకే పరిమితం. కలుషితమైన నీరు, నిలిచిపోయిన మురుగు, పేరుకున్న వ్యర్థాల వలన కలిగే ముప్పు మాత్రం వారాలు, ఒక్కొక్కసారి నెలల తరబడి కొనసాగుతుంది. ఈ ప్రాంతంలో మంచినీటి వ్యవస్థ పూర్తిగా కాలువల మీద ఆధారపడి ఉన్నందున, పునరుద్ధరణ పనులకు గడువును నిర్ణయించేది కూడా కాలువల క్యాలెండరే. ఈ విషయాన్ని గుర్తించి చేసిన పని వేసవి వరకు నిలుస్తుంది. గుర్తించకుండా చేసిన పని ట్యాంకర్లు వెనుదిరిగిన రోజుతో ముగుస్తుంది.

అనుభవం నేర్పిన పాఠాలు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నంపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది మరణించినట్లు చరిత్ర చెబుతోంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి, పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకువచ్చింది. సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. లక్షలాది పశువులు మృత్యువాత పడ్డాయి. నాగాయలంక, కోడూరు ప్రాంతాలలోని తీర గ్రామాలలో ఊరచెరువులు, బావులు ఒక్క రాత్రిలో ఉప్పునీటితో నిండిపోయాయి. వాటిలోనే మృతదేహాలు, పశువుల కళేబరాలు తేలాయి. ప్రభుత్వ యంత్రాంగంతో పాటు స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు తరలివచ్చి సహాయక చర్యలలో పాల్గొన్నారు. ఆ ప్రాంతానికి చెందిన నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఈ కృషిలో ముందు నిలిచారు.

1990 మే 9న కృష్ణా ముఖద్వారానికి సమీపంలో తీరం దాటిన తీవ్ర తుపాను సమయంలో లక్షలాది మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఫలితంగా 1977తో పోలిస్తే ప్రాణనష్టం బాగా తగ్గింది. ముందస్తు హెచ్చరిక, తరలింపు, తుపాను రక్షిత భవనాల విషయంలో రాష్ట్రం సాధించిన ప్రగతికి ఇది నిదర్శనం. అయితే ప్రాణాలతో బయటపడినవారి సంఖ్య పెరిగిన కొద్దీ, వారికి మరునాటి నుండి మంచినీరు, మరుగుదొడ్డి, శుభ్రమైన పరిసరాలు కల్పించవలసిన బాధ్యత కూడా పెరుగుతుంది.

మూడు ప్రాంతాలు, మూడు సమస్యలు

దిగువ డెల్టా అంతా ఒకే తీరున ఉన్నట్లు పైకి కనిపించినా, విపత్తు అనంతరం దివిసీమ, మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాలు ఎదుర్కొనే సమస్యలు వేరు. దివిసీమలో ప్రధాన సమస్య ఉప్పు. మచిలీపట్నంలో పల్లపు ప్రాంతాల మురుగు, పంపిణీ గొట్టాల కాలుష్యం. గుడివాడ పరిసరాలలో, ముఖ్యంగా నందివాడ మండలంలో, బుడమేరు నుండి కొల్లేరు వైపు సాగే వరదనీరు రోజుల తరబడి కదలకుండా నిలిచిపోవడం. మూడింటికీ ఒకే జాబితాతో సామగ్రి పంపడం వలన ఒకచోట బ్లీచింగ్ పౌడరు మిగిలిపోతుంది, మరొకచోట పంపుసెట్లు చాలవు.

క్లోరిన్‌కు లొంగని ఉప్పు

దివిసీమ కృష్ణానది పాయల నడుమ, సముద్రానికి ఆనుకుని ఉన్న ప్రాంతం. భూగర్భజలం చాలా చోట్ల ఉప్పగా ఉండడం వలన తాగునీటికి కాలువే ఆధారం. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీ నుండి బయలుదేరిన నీరు పులిగడ్డ అక్విడక్టు మీదుగా నదీపాయను దాటి దివిసీమకు చేరుతుంది. అక్కడ నుండి ఊరచెరువులను, వేసవి నిల్వ చెరువులను నింపుకొని, వడపోసి, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కించి గ్రామాలకు సరఫరా చేస్తారు. తీరంలోని ఇసుక మేటలలో చెలమలు తవ్వి పైపైన ఊరే తీయని నీటిని తోడుకోవడం కూడా ఇక్కడి వారికి తెలిసిన పద్ధతే.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు అర గ్రాముకు మించరాదు. వేరే ఆధారం లేని చోట 2 గ్రాముల వరకు అనుమతిస్తారు. అంటే 20 పాళ్ల కాలువ నీటిలో ఒక్క పాలు సముద్రపు నీరు కలిసినా చెరువు దాదాపు ఈ గరిష్ఠ పరిమితికి చేరుకుంటుంది. క్లోరిన్ సూక్ష్మక్రిములను చంపుతుందే గాని ఉప్పును తొలగించదు. మరిగించినా ఉప్పు పోదు. అందువలన ఉప్పెన నీరు చేరిన చెరువులో బ్లీచింగ్ చల్లి ఊరుకోవడం వలన ప్రయోజనం లేదు. ఆ నీటిని పూర్తిగా తోడివేయాలి. అడుగున చేరిన ఒండ్రును, కుళ్లిన పదార్థాలను ఎత్తివేయాలి. గట్లను సరిచేసి తిరిగి కాలువ నీటితో నింపాలి. మొదటిసారి నింపిన నీరు అడుగు మట్టిలోని ఉప్పును కరిగించుకొని తిరిగి ఉప్పదేరితే, దానిని కూడా వదిలివేసి మరల నింపవలసి ఉంటుంది.

ఉప్పు కమ్మిన చెలమలను, తీరంలోని బావులను అదే పనిగా తోడడం కూడా మంచిది కాదు. పైనున్న పలుచని తీయని నీటి పొర తరిగిన కొద్దీ అడుగున ఉన్న ఉప్పునీరు పైకి వస్తుంది. కొద్దికొద్దిగా తోడుతూ, వానల వలన ఊట తేరుకునే వరకు వేచి ఉండడమే మార్గం.

కాలువ క్యాలెండరే గడువు

ఈ తీరాన్ని తాకే తుపానులు ఎక్కువగా రెండు కాలాలలో వస్తాయి: వర్షాకాలం ముగిసే అక్టోబరు – డిసెంబరు నెలలలో, వర్షాకాలానికి ముందు మే నెలలో. 1977 ఉప్పెన మొదటి కాలానికి, 1990 తుపాను రెండవ కాలానికి చెందినవి. ఈ తేడా మంచినీటి విషయంలో ఎంతో కీలకమైనది.

నవంబరులో తుపాను వస్తే కాలువలలో ఇంకా నీరు ఉంటుంది. చెరువులను తోడి, శుభ్రం చేసి తిరిగి నింపడానికి వ్యవధి కూడా ఉంటుంది. అయితే ఆ వ్యవధి వేసవిలో కాలువలు కట్టివేసే వరకే. ఈలోగా నింపుకోలేని చెరువు తరువాతి ఖరీఫ్ నీరు వచ్చే వరకు ఎండిపోయే ఉంటుంది, ఆ గ్రామం వేసవి అంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూడవలసి వస్తుంది. మే నెలలో తుపాను వస్తే పరిస్థితి మరింత క్లిష్టం. చెరువులు అప్పటికే అడుగంటి ఉంటాయి. కాలువలు కట్టివేసి ఉంటాయి. ఉన్న కొద్దిపాటి నిల్వ చెడిపోతే ప్రత్యేకంగా తాగునీటి కోసం కాలువలకు నీరు విడుదల చేయించవలసి ఉంటుంది. అందువలన చెరువుల శుద్ధి కార్యక్రమాన్ని రూపొందించేటప్పుడు గ్రామీణ నీటి సరఫరా, నీటిపారుదల శాఖల ఇంజనీర్లు ఒకేచోట కూర్చోవడం తప్పనిసరి. కాలువ చివరి గ్రామాల చెరువులను ముందుగా నింపుకుంటూ పైకి రావడం వలన శివారు గ్రామాలకు న్యాయం జరుగుతుంది. ఎగువ నుండి మొదలుపెడితే చివరి గ్రామం వంతు వచ్చేసరికి కాలువ కట్టివేసే రోజు రావచ్చు.

తొలి రోజుల అవసరాలు

చెరువు సిద్ధమయ్యే లోపు ప్రజలకు నీరు అందించడానికి ట్యాంకర్లే శరణ్యం. సహాయక చర్యలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అవసరం. రెండువేల జనాభా గల గ్రామానికి ఇది 30 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు రోజుకు ఆరు విడతలు రావాలి. రహదారి తెగి ఒకే విడత వచ్చిన గ్రామంలో తలసరి రెండున్నర లీటర్లే అందినట్లు. గ్రామానికి ట్యాంకరు పంపించామన్న నివేదికకు, ప్రజలకు నీరు అందిందన్న నివేదికకు మధ్య ఇంత వ్యత్యాసం ఉంటుంది. ట్యాంకరు రాగానే నీటిని దించుకోవడానికి ఊరిలో సింటెక్స్ ట్యాంకులు, ఇంటింటా మూత గల పాత్రలు ఉండడం కూడా అంతే అవసరం. శుభ్రమైన నీరు మూతలేని బిందెలో కొన్ని గంటలలోనే తిరిగి కలుషితమవుతుంది.

వరదనీరు చేరినా ఉప్పు తగలని బావులను క్లోరినేషన్‌తో వినియోగంలోకి తేవచ్చు. ముందుగా బావిలోని చెత్తను, బురదనీటిని తొలగించాలి. మడ్డినీటిలో క్లోరిన్ బురదతోనే ఖర్చయిపోతుంది. పూర్వం చిల్లగింజ అరగదీసి నీటిని తేర్చుకునేవారు. నేడు పటికతో అదే పని జరుగుతుంది. తేరిన నీటిలో సాధారణంగా ప్రతి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్ పౌడరు అవసరం. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీటిమట్టం గల బావిలో సుమారు 9,400 లీటర్ల నీరు ఉంటుంది, దానికి 24 గ్రాముల వరకు సరిపోతుంది. వరద అనంతరం మోతాదు పెంచవలసి ఉంటుంది. పౌడరును బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగుకు చేరిన తరువాత పై తేట నీటిని బావిలో పోసి, గంట ఆగి నీటిని పరీక్షించాలి. గంట తరువాత కూడా లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే నీరు సురక్షితం.

తాజా బ్లీచింగ్ పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. తేమ తగిలినా, నెలల తరబడి నిల్వ ఉన్నా ఈ శక్తి తగ్గిపోతుంది. తుపాను వానకు తడిసిన గోదాములోని బస్తాలను పరీక్షించకుండా గ్రామాలకు పంపితే, పంపిణీ జరిగినట్లు రికార్డులలో నమోదు కావడమే తప్ప నీరు శుద్ధి కాదు.

పట్టణాలలో గొట్టాలు, వడపోత, విద్యుత్తు

మచిలీపట్నం పట్టణానికి తరకటూరు వద్ద గల నిల్వ చెరువు ప్రధాన ఆధారం. పట్టణ సరఫరాలో చెరువు సురక్షితంగా ఉన్నా సరఫరా ఆగిపోవడానికి మొదటి కారణం విద్యుత్తు. స్తంభాలు కూలి పంపులు నిలిచిపోతే ట్యాంకులు ఖాళీ అవుతాయి, గొట్టాలలో పీడనం తగ్గిపోతుంది. అప్పుడు పగిలిన చోట, వదులైన అతుకుల వద్ద చుట్టూ ఉన్న మురుగునీరు గొట్టంలోకి పీల్చబడుతుంది. విద్యుత్తు తిరిగి రాగానే కొళాయిలలో వచ్చే మొదటి నీరు అందుకే అత్యంత ప్రమాదకరమైనది. గొట్టాల చివర ఉన్న కవాటాలను తెరచి ఆ నీటిని వదిలివేయడం, అధిక మోతాదు క్లోరిన్‌తో గొట్టాలను కడగడం, వీధి చివరి కొళాయి వద్ద క్లోరిన్ పరీక్ష జరపడం అనే మూడు పనుల తరువాతనే సరఫరా పునరుద్ధరించినట్లు ప్రకటించడం సమంజసం. పంపింగ్ కేంద్రాల వద్ద డీజిల్ జనరేటర్లను, వాటికి సరిపడా ఇంధనాన్ని తుపాను హెచ్చరిక వెలువడినప్పుడే సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.

డెల్టాలోని అనేక పథకాలలో వాడే నెమ్మది ఇసుక వడపోత గదుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇసుక పైభాగంలో పెరిగే సూక్ష్మజీవుల పొరే నీటిని శుద్ధి చేస్తుంది. ఉప్పునీరు, బురద చేరినా, ఎక్కువకాలం ఎండిపోయినా ఆ పొర నశిస్తుంది. ఇసుకను గీసి, కడిగి, తిరిగి నింపిన తరువాత పొర ఏర్పడడానికి కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు పడుతుంది. ఆ కాలమంతా వడపోసిన నీటిని కూడా పూర్తిగా క్లోరిన్‌తో శుద్ధి చేయవలసిందే.

పోటు వేళ ఆగే మురుగు

దిగువ డెల్టాలో మురుగునీరు సముద్రంలోకి పోవడం పోటు, పాటులపై ఆధారపడి ఉంటుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్లలోని నీరు ముందుకు సాగదు, ఒక్కొక్కసారి వెనుకకు తన్నుతుంది. దీనికి తోడు గుర్రపుడెక్క, తూడు, కూలిన చెట్లు డ్రెయిన్లకు అడ్డుపడితే పట్టణంలోని పల్లపు వీధుల నుండి పొలాల వరకు నీరు నిలిచిపోతుంది. అందువలన పారిశుధ్య సిబ్బంది వీధి కాలువలలో పూడిక తీయడానికి ముందే, డ్రెయినేజీ ఇంజనీర్లు ముఖద్వారాల వద్ద అడ్డంకులు తొలగించి ఉండాలి. కింద దారి తెరవకుండా పైన పూడిక తీస్తే, తీసిన మురుగు తిరిగి అదే వీధిలో చేరుతుంది.

గుడివాడ పరిసరాలలో సమస్య మరో రూపంలో ఉంటుంది. ఇక్కడి వరద తీయని నీటి వరదే అయినా, కొల్లేరు నిండినప్పుడు, ఉప్పుటేరు ద్వారా నీరు వేగంగా సముద్రానికి చేరనప్పుడు గ్రామాల చుట్టూ రోజుల తరబడి నిలిచిపోతుంది. చేపల చెరువుల గట్లు తెగితే ఆ నీరు, చనిపోయిన చేపలు కూడా తోడవుతాయి. నిలిచిన నీటిలో దోమగుడ్డు దోమగా మారడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది. నీరు తీసిన మొదటి వారంలోనే గుంటలను పూడ్చడం, లార్వా నివారణ మందు వాడడం ఈ లెక్కను బట్టి నిర్ణయించుకోవలసిన పనులు.

మరుగుదొడ్లు, కళేబరాలు, వ్యర్థాలు

మృతదేహాల వలననే అంటువ్యాధులు ప్రబలుతాయన్న నమ్మకం విస్తృతంగా ఉంది. ప్రకృతి విపత్తులలో గాయాల వలన, మునిగిపోవడం వలన మరణించినవారి దేహాలు సాధారణంగా అంటువ్యాధులకు కారణం కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. కనుక గుర్తింపు, బంధువులకు అప్పగింత వంటి మర్యాదలను పక్కనపెట్టి హడావుడిగా సామూహిక ఖననాలు జరపవలసిన అగత్యం లేదు. నీటి వనరులలో పడిన దేహాలను, పశువుల కళేబరాలను మాత్రం వెంటనే వెలికితీయాలి. కళేబరాలను చెరువులకు, బావులకు దూరంగా, మెరక ప్రాంతంలో లోతైన గుంటలలో పూడ్చాలి.

నిజమైన ముప్పు జీవించి ఉన్నవారి మలం నీటిలో కలవడం వలన వస్తుంది. కలరా, టైఫాయిడ్, అతిసారం, కామెర్లు ఈ మార్గాన్నే వ్యాపిస్తాయి. పునరావాస కేంద్రాలలో తొలి రోజులలో ప్రతి 50 మందికి ఒకటి, తరువాత ప్రతి 20 మందికి ఒకటి చొప్పున మరుగుదొడ్లు ఉండాలన్నది ఆమోదించబడిన ప్రమాణం. స్త్రీలకు వేరుగా, రాత్రివేళ దీపం, లోపల గడియ ఉండాలి. ఇవి లేనిచోట స్త్రీలు చీకటి పడే వరకు ఆగడం, నీరు తాగడం తగ్గించుకోవడం జరుగుతుంది. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉన్నందున గుంట మరుగుదొడ్లు తవ్వినంతనే నీటితో నిండిపోతాయి. ఎత్తైన దిమ్మెలపై నిర్మించినవి, లేదా ట్యాంకు గల సంచార మరుగుదొడ్లు ఇక్కడకు అనువైనవి. నిండిన సెప్టిక్ ట్యాంకులను ఖాళీ చేసే వాహనాలు ఆ వ్యర్థాన్ని పంటకాలువలలో వదలకుండా పర్యవేక్షించాలి. ఆ కాలువ నీరే దిగువ గ్రామాల తాగునీటి చెరువులకు చేరుతుంది.

కూలిన చెట్లు, తాటాకు, తడిసిన ధాన్యం, పరుపులు, ప్లాస్టిక్, ఒండ్రు కలిసి విపత్తు అనంతరం వ్యర్థం సాధారణ రోజులకన్నా అనేక రెట్లు పెరుగుతుంది. కలపను, కుళ్లే పదార్థాన్ని, ప్లాస్టిక్‌ను మొదటి రోజునుండే వేరు చేసి తాత్కాలిక మెరక స్థలాలకు తరలించాలి. రహదారుల వెంట ముగ్గు వలె చల్లే బ్లీచింగ్ కంటికి తృప్తినిస్తుందే గాని బురద మీద దాని ప్రభావం స్వల్పం. అదే పౌడరును నీటి ట్యాంకులకు వాడితే ఎక్కువ ప్రయోజనం చేకూరుతుంది. ఈ పనులన్నీ చేసే పారిశుధ్య కార్మికులకు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి. బురదనీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ వంటి వ్యాధుల నుండి రక్షణగా వైద్య పర్యవేక్షణ కల్పించాలి. తమ ఇళ్లు కూడా మునిగిన స్థితిలో వారు విధులకు హాజరవుతారన్నది మరువరాదు.

2024 వరద అనుభవం

దిగువ డెల్టా కాలువలన్నింటికీ తలమానికమైన విజయవాడలో 2024 సెప్టెంబరులో సంభవించిన వరద ఇటీవలి ఉదాహరణ. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరులో నమోదైన 11.10 లక్షల క్యూసెక్కులను అధిగమించింది. బుడమేరుకు గండ్లు పడి నగరంలోని విస్తార ప్రాంతం మునిగిపోయింది. ఆ నీరే దిగువకు సాగి నందివాడ మండల గ్రామాలను చుట్టుముట్టింది. నీరు తగ్గిన ఇళ్లలో పేరుకున్న బురదను అగ్నిమాపక శకటాలతో కడిగించడం, ఇతర పురపాలక సంఘాల నుండి పారిశుధ్య సిబ్బందిని రప్పించడం ఈ సందర్భంగా చేపట్టిన చర్యలు. ఇంటి లోపలి బురద తొలగింపును కూడా ప్రజాసేవగా పరిగణించడం ఇందులో గమనించదగిన విషయం. నగరంలో దృష్టి కేంద్రీకృతమైనప్పుడు అదే వరద రెండు, మూడు రోజుల తరువాత చేరే దిగువ గ్రామాలకు సైతం అంతే సన్నద్ధత అవసరమని కూడా ఈ అనుభవం తెలియజేస్తోంది.

అధికారులు, పాత్రికేయులు గమనించదగినవి

సహాయక చర్యల పురోగతిని ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని బస్తాలు అనే లెక్కలతో కొలవడం పరిపాటి. వాటికన్నా స్పష్టమైన సూచికలు ఉన్నాయి. చివరి కొళాయి వద్ద క్లోరిన్ ఎంత? తలసరి ఎన్ని లీటర్లు అందాయి? ఎన్ని చెరువులను తోడి తిరిగి నింపారు, కాలువ కట్టివేతకు ఇంకా ఎన్ని రోజులు ఉన్నాయి? ఏ వాడకు ఇంకా నీరు చేరలేదు? అతిసార కేసులు ఏ వీధిలో పెరుగుతున్నాయి? ఊరికి దూరంగా ఉండే మత్స్యకార పల్లెలు, దళితవాడలు, యానాది కాలనీలు తరచుగా జాబితాలో చివర ఉంటాయి. ఈ ప్రశ్నలకు మండలస్థాయి అధికారులు ప్రతిరోజూ సమాధానం సిద్ధంగా ఉంచుకోవడం, పాత్రికేయులు వాటినే అడగడం వలన వదంతులకు తావు తగ్గి, లోపం ఉన్న చోటికి సహాయం త్వరగా చేరుతుంది.

దివిసీమలోని చిట్టచివరి గ్రామపు చెరువు కాలువ నీటితో నిండి, ఆ నీరు వడపోతకు చేరి, వేసవి మధ్యలో కూడా అక్కడి కొళాయిలో తియ్యగా వచ్చిన నాడే ఆ తుపానుకు సంబంధించిన పునరుద్ధరణ పూర్తయినట్లు భావించవలసి ఉంటుంది.